పల్మనరీ హైపర్‌టెన్షన్ పరిశోధనకు ఏ జంతు మోడల్ మేలు?

విశాఖపట్నంలో ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుంటూ, ఏటా ఇద్దరు ముగ్గురు ఎం.ఫార్మసీ విద్యార్థుల ప్రాజెక్టులకు గైడుగా ఉంటున్న నాకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతూ ఉంటుంది. ఈసారి దాన్ని తెచ్చినది అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి. "సార్, తెల్లమద్ది బెరడు సారం పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు పనిచేస్తుందేమో చూద్దామనుకుంటున్నానండి. ఎలుకలకు మోనోక్రొటాలిన్ ఒక్క ఇంజెక్షన్ ఇచ్చేసి, ఆ రోజు నుంచే మందు మొదలుపెడితే నెల రోజుల్లో ప్రయోగం అయిపోతుంది కదండీ?" అని అడిగింది. అయిపోతుంది, నిజమే. అయితే నెల తిరిగేసరికి చేతికొచ్చే ఫలితం అసలు ఏ ప్రశ్నకు జవాబవుతుందన్నది తేల్చుకోకుండా ఎలుకల పంజరం తలుపు తెరవకూడదని నా గట్టి నమ్మకం. ఆ రోజు ఆమెకు గంటన్నరసేపు చెప్పిన సంగతులనే, ఇటువంటి ఆలోచనలో ఉన్న మరికొందరికి పనికొస్తాయని, ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జబ్బు గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే మోడల్, అంటే మనిషి జబ్బును పోలినదాన్ని జంతువులో తెప్పించే పద్ధతి, దాని ఎంపికలో జరిగే పొరపాట్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. చేతికి పట్టీ చుట్టి కొలిచే బీపీకీ దీనికీ సంబంధం లేదు. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని మోసుకుపోయే ధమనిలో ఒత్తిడి మామూలుగా చాలా తక్కువ. విశ్రాంతిగా ఉన్న మనిషిలో దాని సగటు 14 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. అది 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. 2018లో ఫ్రాన్సులోని నీస్‌లో జరిగిన ప్రపంచ సదస్సు ఈ హద్దు ప్రతిపాదించేదాకా 25 అనేవారు. అంటే ఇది ఒక కొలతకు పెట్టిన పేరు. ఆ కొలతకు చేర్చే దారులు అనేకం. వైద్యులు వాటిని ఐదు వర్గాలు చేశారు. ఊపిరితిత్తుల్లోని చిన్న ధమనులే జబ్బుపడి మూసుకుపోవడం మొదటిది, ఎడమ గుండె జబ్బు వల్ల ఒత్తిడి వెనక్కి తన్నుకురావడం రెండోది, ఊపిరితిత్తుల జబ్బుల వల్లనో ఆక్సిజన్ లేమి వల్లనో రావడం మూడోది, కరగని రక్తపు గడ్డలు ధమనుల్లో పేరుకుపోవడం నాలుగోది, కారణం ఇదమిత్థమని తేలనివీ మిగిలినవీ ఐదోది. ఈ ఐదింటినీ ఒకేసారి చూపించే జంతువు లేదు. దారి ఏదైనా చివరకు భారమంతా పడేది మాత్రం కుడి జఠరిక మీదే. రోగి ప్రాణం నిలిచేదీ పోయేదీ ఎక్కువగా ఆ పలుచని కండరం ఎంతవరకు ఓర్చుకుంటుందన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇక మోనోక్రొటాలిన్. మన రైతులు పచ్చిరొట్ట ఎరువు కోసం వరి పొలాల్లో చల్లే జనుము తెలియనివారుండరు. ఆ జనుము ఏ ప్రజాతికి చెందిందో, క్రొటలేరియా స్పెక్టబిలిస్ అనే మొక్కా ఆ ప్రజాతిదే. గ్రీకులో క్రొటలాన్ అంటే చిడతలు. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపలి గింజలు గలగలమనడం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ మొక్క గింజలు తిన్న ఎలుకల్లో పల్మనరీ హైపర్‌టెన్షన్ వస్తుందని కే, హారిస్, హీత్ అనే శాస్త్రవేత్తలు 1967లో ప్రకటించారు. గింజల్లోని విషమైన మోనోక్రొటాలిన్‌ను వేరుచేసి, శరీర బరువు కిలోకు 60 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద ఒక్కసారి ఇస్తే చాలునన్న పద్ధతి తరవాత స్థిరపడింది. దాన్ని ముందు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసి వాడతారు.

విషం నేరుగా ఊపిరితిత్తుల మీద పనిచేయదు. కాలేయంలోని సైటోక్రోమ్ పీ450 3ఏ ఎంజైములు దాన్ని చురుకైన పైరోల్ రూపంలోకి మారుస్తాయి; నీళ్లలో క్షణాల్లో నశించే ఆ పదార్థాన్ని ఎర్ర రక్తకణాలు పట్టుకుని ఊపిరితిత్తులకు చేరుస్తాయి; అక్కడ రక్తనాళాల లోపలి పొర, అంటే ఎండోథీలియం, దెబ్బతింటుంది. వాపు మొదలై, చిన్న ధమనుల కండర పొర మందమెక్కి, మూడు నాలుగు వారాలకల్లా ఒత్తిడి బాగా పెరుగుతుంది. చాలా ఎలుకలు నాలుగు నుంచి ఆరు వారాల్లో కుడి గుండె చేతులెత్తేయడంతో చనిపోతాయి.

మూడో వారం దాటాక ఆ ఎలుకలను చూసినవాళ్లు మరచిపోలేరు. పంజరం మూలన వీపు గూనిగా వంచి కూర్చుంటాయి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటాయి, కడుపు ఎగరేస్తూ ఊపిరి తీస్తాయి, బరువు పెరగడం ఆగిపోతుంది. ఛాతీ తెరిస్తే లోపల నీరు కనబడుతుంది. గుండెను చల్లటి సెలైన్‌లో కడిగి, కర్ణికలు తీసేసి, మధ్య గోడ అంచు వెంట చిన్న కత్తెరతో కుడి జఠరిక గోడను విడదీసేటప్పుడు తేడా చేతికే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో ఆ గోడ ఎడమ జఠరికకు చుట్టిన పలుచని తొనలాగా కత్తెర అంచున మెత్తగా వాలిపోతుంది. జబ్బు ఎలుకలో అది వాలదు, తన ఆకారంలో తాను నిలబడుతుంది. కుడి గోడ బరువును ఎడమ జఠరిక, మధ్య గోడల మొత్తం బరువుతో భాగిస్తే వచ్చేదే ఫల్టన్ సూచి. మామూలు ఎలుకలో అది 0.25 దగ్గర ఉంటే, ఇక్కడ 0.5 దాటడం సాధారణం. నాలుగు దశాంశ స్థానాలు చూపే త్రాసు, ఒక కత్తెర, ఒక వడపోత కాగితం ఉంటే వచ్చే కొలత ఇది. ఖరీదైన పరికరాలు లేని కళాశాలలకు మోనోక్రొటాలిన్ మోడల్ ఇంత దగ్గరవడానికి ఈ సౌలభ్యమే కారణం.

ఈ మోడల్‌లో లోపాలు కూడా చిన్నవి కావు. ఆ విషం ఊపిరితిత్తులతో ఆగదు. కాలేయపు సన్నని సిరలను మూసేస్తుంది, గుండె కండరంలోనూ వాపు తెస్తుంది. అందువల్ల ఎలుక చనిపోయినప్పుడు, కుడి జఠరిక మోయలేని భారంతో చనిపోయిందో విషంతో చనిపోయిందో విడదీసి చెప్పడం కష్టం. మనుషుల్లో తీవ్రమైన మొదటి వర్గం జబ్బులో, ధమని లోపల కణాలు తీగల్లా అల్లుకుని దారి మూసేసే ప్లెక్సిఫార్మ్ గాయాలు ఉంటాయి. మోనోక్రొటాలిన్ ఒక్కటే ఇచ్చిన ఎలుకల్లో అవి రావు. ఒకవైపు ఊపిరితిత్తిని తీసేసి, ఆపైన మోనోక్రొటాలిన్ ఇస్తే ధమని లోపలి పొరలోనూ కొత్త కణజాలం పెరుగుతుంది, కాని అప్పుడది సులువైన మోడల్ అనిపించుకోదు. చిట్టెలుకలైతే ఈ విషానికి ఎలుకల్లాగా లొంగవు, వాటి కాలేయం దీన్ని మార్చే తీరే వేరు.

మన కళాశాలలకు ప్రత్యేకంగా వర్తించే లోపం ఇంకొకటి ఉంది, దానిమీద కొంత ఎక్కువసేపు నిలవాలి. విషానికి చురుకు వచ్చేది కాలేయపు ఎంజైముల వల్ల కాబట్టి, ఆ ఎంజైములను అడ్డుకునే పదార్థం ఏదైనా సరే, విషంతోపాటు అదే రోజు ఇస్తే, ఎలుకకు జబ్బు తక్కువగా వస్తుంది. అది మందు ఊపిరితిత్తులకు చేసిన మేలు కాదు. విషం తయారు కాకుండా ఆపడం మాత్రమే. మూలికల సారాల్లో పదుల కొద్దీ పదార్థాలు ఉంటాయి, వాటిలో సైటోక్రోమ్ ఎంజైములను అడ్డుకునేవి ఉండడం అరుదేమీ కాదు. ఇంజెక్షన్ నాడే సారం మొదలుపెట్టి, 28వ రోజున ఫల్టన్ సూచి తగ్గిందని చూపించిన ప్రాజెక్టు నివేదికలు నేను పరీక్షకుడిగా చాలాసార్లు చూశాను. వాటిలో కష్టం ఉంది, నిజాయితీ ఉంది, కాని ఆ ఫలితంతో రోగి మంచం దగ్గరికి నడిచే దారి లేదు. మన దగ్గరికి వచ్చే రోగి జబ్బు రాకముందు రాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, నీరసమనుకుని, రక్తహీనత అనుకుని ఏళ్లు గడిపి, కాళ్ల వాపులు వచ్చాక వస్తాడు. కాబట్టి మందును 14వ రోజో 21వ రోజో, జబ్బు స్థిరపడిందని ఎకోలో చూసుకున్న తరవాతే మొదలుపెట్టాలి. అనకాపల్లి అమ్మాయి ప్రణాళికలో నేను మొట్టమొదట కొట్టేసిన మాట "మొదటి రోజు నుంచి" అన్నదే.

రెండో దారి ఆక్సిజన్ తగ్గించడం. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తక్కువైన చోట ధమనులు ముడుచుకుంటాయని పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ 1946లో చూపించారు. అంతకు చాలా ముందే అమెరికాలోని కొలరాడో కొండల మీద పశువుల మెడ కింద, రొమ్ము దగ్గర నీరు చేరి చనిపోయే బ్రిస్కెట్ జబ్బును గ్లోవర్, న్యూసమ్ 1915లో వర్ణించారు. అది కూడా ఈ జబ్బే. కోస్తా జిల్లాల్లో బ్రాయిలర్ కోళ్లు పెంచేవారికి వేగంగా ఎదిగే కోళ్లలో పొట్టలో నీరు చేరి చనిపోవడం తెలుసు. శరీరం అడిగినంత ఆక్సిజన్‌ను చిన్న ఊపిరితిత్తులు అందించలేక, ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి పెరిగి, కుడి గుండె ఓడిపోవడమే దాని వెనుక కథ.

ప్రయోగశాలలో దీనికి రెండు పద్ధతులు. పెట్టెలోని గాలిలో నైట్రోజన్ కలిపి ఆక్సిజన్‌ను 10 శాతానికి దించడం ఒకటి. గాలి పీడనాన్నే సగానికి, అంటే సుమారు 380 మిల్లీమీటర్ల పాదరసానికి తగ్గించడం రెండోది. మూడు నాలుగు వారాలు అలా ఉంచితే, మామూలుగా కండరం లేని అతి చిన్న ధమనులకు కూడా కండర పొర ఏర్పడుతుంది, రక్తం చిక్కబడుతుంది, కుడి జఠరిక మందమెక్కుతుంది. పీడనం సగానికి తగ్గడమంటే దాదాపు 5,500 మీటర్ల ఎత్తున బతకడంతో సమానం. "ఎలుకలను అరకులో పెడితే సరిపోదాండీ?" అని ఒక విద్యార్థి ఒకప్పుడు మనసారా అడిగాడు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. అక్కడ ఎలుకల ఊపిరితిత్తుల ధమనులకు చెప్పుకోదగ్గ కష్టం ఏమీ ఉండదు.

ఈ మోడల్‌లో నాకు నచ్చేది కారణం స్పష్టంగా ఉండడం. విషం లేదు, కాలేయం మధ్యలోకి రాదు. కణాలు ఆక్సిజన్ లేమిని ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పసిగట్టడంలో కీలకమైన హిఫ్ అనే ప్రొటీన్ల పని ఇక్కడ నేరుగా గమనించవచ్చు. చిట్టెలుకల్లోనూ పనిచేస్తుంది కాబట్టి జన్యువులు మార్చిన చిట్టెలుకలను వాడి, ఫలానా జన్యువు లేకపోతే జబ్బు తగ్గుతుందా పెరుగుతుందా అని చూడవచ్చు. లోపమల్లా జబ్బు తేలికగా ఉండడం. చిట్టెలుకల్లో కుడి జఠరిక ఒత్తిడి (ఇది గుండె ముడుచుకున్నప్పటి గరిష్ఠ కొలత, ముందు చెప్పిన సగటు కాదు) 30, 35 దాకా వెళ్లి ఆగిపోతుంది. లోపలి పొర మూసుకుపోదు. కుడి గుండె మందమవుతుంది గాని సాధారణంగా విఫలం కాదు. మామూలు గాలిలోకి తెస్తే చాలావరకు తిరిగి బాగవుతుంది. మనుషుల్లోనూ ఇటువంటిది ఉంది. 5,800 మీటర్లకు పైన వారాల తరబడి కాపలా కాసిన మన సైనికుల్లో కుడి గుండె విఫలమై ఒళ్లంతా నీరు పట్టడం, కిందికి దించాక కోలుకోవడం గురించి 1990లో వైద్య పత్రికల్లో వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల వచ్చే మూడో వర్గానికి, కొండల మీది జబ్బుకు ఈ మోడల్ తగినదే. మొదటి వర్గం మందు కోసం వెతికేవారు దీని ఒక్కదాని మీద ఆధారపడకూడదు.

విశాఖలో ఈ పెట్టె నడపడం గురించి పుస్తకాల్లో ఉండని సంగతులు కొన్ని చెప్పాలి. మూసిన పెట్టెలో ఎలుకలు వదిలే బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది, సముద్రపు గాలి తేమకు వాటి మూత్రం తేమ తోడవుతుంది, అమోనియా ఘాటెక్కుతుంది. ఈ మూడింటినీ వరసగా పీల్చుకునే సోడా లైమ్, సిలికా జెల్, బోరిక్ ఆమ్లం వేళకు మార్చకపోతే ఎలుకలకు బాధ, ప్రయోగానికి నష్టం. బొగ్గుపులుసు వాయువు పెరిగితే అదే ఆక్సిజన్ లేమి తెచ్చే జబ్బును తగ్గిస్తుందన్నది తెలిసిన విషయం. అంటే మనం సోడా లైమ్ మార్చడం మరచిపోతే, మందు పనిచేసినట్టు కనబడుతుంది. నేను లోగడ పనిచేసిన ఒక ప్రయోగశాలలో, అక్టోబరు వాన రాత్రి కరెంటు పోయి, పెట్టె తెల్లవారేదాకా మామూలు గాలితో నిండిపోయింది. అది 17వ రోజు. ఆ ఎలుకలను ప్రయోగం నుంచి తీసేయవలసి వచ్చింది, అవి అన్నాళ్లు పడిన కష్టానికి ఏ ఫలితమూ లేకుండా. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడివారికి గుర్తే. మూడు వారాలు ఒక్క రాత్రి కూడా తప్పకూడని ప్రయోగానికి ముహూర్తం క్యాలెండర్ చూసి పెట్టుకోవాలి.

ఈ రెండింటి లోటును పూడ్చడానికి వచ్చినది సుజెన్-హైపాక్సియా మోడల్. సుజెన్ అంటే ఎస్‌యూ5416 అనే పదార్థం, హైపాక్సియా అంటే ఆక్సిజన్ లేమి. ఎస్‌యూ5416ను క్యాన్సర్ మందుగా తయారుచేశారు. రక్తనాళాల పెరుగుదలకు అవసరమైన వీఈజీఎఫ్ గ్రాహకాన్ని అది అడ్డుకుంటుంది. దాన్ని కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఎలుకకు ఒక్కసారి ఇచ్చి, మూడు వారాలు 10 శాతం ఆక్సిజన్‌లో ఉంచితే, ఎండోథీలియం కణాలు మొదట చనిపోయి, చావుకు లొంగని కణాలు కొన్ని మిగిలి, అవి పెరిగి ధమని లోపలి దారినే మూసేస్తాయని 2001లో వెలువడిన పరిశోధన చూపించింది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మామూలు గాలిలోకి తెచ్చాక కూడా జబ్బు ముదురుతూనే ఉంటుంది. అలా 13, 14 వారాలు ఆగిన ఎలుకల్లో మనుషుల్లోని ప్లెక్సిఫార్మ్ గాయాలను పోలినవి కనబడ్డాయని 2010లో వచ్చిన పని నిరూపించింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో 25 దగ్గర ఉండే కుడి జఠరిక ఒత్తిడి వీటిలో 100 దాకా పోతుంది. మొదటి వర్గం జబ్బుకు ఎలుకల్లో ఇంతకన్నా దగ్గరైన పోలిక నాకు తెలిసినంతలో లేదు.

అలాగని దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. రోగుల్లో వీఈజీఎఫ్ అందకపోవడం జబ్బుకు మూలం కాదు, వారి గాయాల్లో అది ఎక్కువగానే కనబడుతుంది. ఎస్‌యూ5416 ఒక్కటే ఎలుకల్లో గాలి గదులను చెడగొట్టి ఎంఫిసీమా తేగలదు, కాబట్టి ఊపిరితిత్తుల కోతలను సూక్ష్మదర్శిని కింద చూసేటప్పుడు రక్తనాళాలతోపాటు గాలి గదులనూ చూడాలి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే స్ప్రేగ్-డాలీ జాతి ఎలుకలన్నీ ఒకేలా స్పందించవు; ఒకే జాతిలో జబ్బు బాగా వచ్చేవి, అంతగా రానివి ఉంటాయి. చిట్టెలుకలకు వారం వారం ఇంజెక్షన్ ఇచ్చినా వచ్చే జబ్బు తేలికే. మందు ఖరీదు, కాలం, పెట్టె నిర్వహణ కలుపుకుంటే మోనోక్రొటాలిన్‌తో పోల్చలేనంత బరువైన పని ఇది.

జన్యు మోడళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను, మన ఊళ్లోని సాధారణ కళాశాలకు అవి అందుబాటులో ఉండవు గనక. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుకు బీఎంపీఆర్2 జన్యువులోని మార్పులు కారణమని 2000లో తెలిసింది. ఆ జన్యువు ఒక నకలు పోయిన చిట్టెలుకలకు తమంతట తాముగా పెద్దగా జబ్బు రాదు. మనుషుల్లోనూ ఆ మార్పు ఉన్న అందరికీ రాదు కదా. జబ్బుకు ఇంకో దెబ్బ తోడవాలన్న ఆలోచనకు ఆ చిట్టెలుకలే బలమిచ్చాయి.

పల్మనరీ ధమనికి దారంతో ముడివేసి ఇరుకు చేసే బ్యాండింగ్ పద్ధతికి మాత్రం మరింత గౌరవం దక్కాలని నా అభిప్రాయం. ఇందులో ఊపిరితిత్తులకు ఏ జబ్బూ ఉండదు. కుడి జఠరిక మీద భారం ఒక్కటే ఉంటుంది. ఒక మందు ఇచ్చాక కుడి గుండె బాగుపడితే, అది ధమనులు తెరుచుకోవడం వల్లనా, మందు గుండె కండరానికే మేలు చేయడం వల్లనా అన్న ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేది ఇదే. తెల్లమద్ది వంటి, గుండెకు మంచిదని తరతరాలుగా వాడుకలో ఉన్న మూలికను పరీక్షించేటప్పుడు ఈ ప్రశ్న తప్పదు. కాకపోతే చిన్న ఎలుక ఛాతీ తెరిచి, వెంటిలేటర్ మీద ఉంచి, ముడి బిగువు అన్నిటికీ ఒకేలా వేయగల చేయి కావాలి. ఆ చేయి నెలల సాధనతో గాని రాదు.

ఇంతవరకు చెప్పినవి ప్రపంచమంతటా వాడేవి. కాని కింగ్ జార్జ్ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి, ఒడిశా నుంచి వచ్చే రోగులను తలుచుకున్నప్పుడు నాకు ఇంకో ఆలోచన వస్తుంది. మన దేశంలో పల్మనరీ హైపర్‌టెన్షన్‌కు దారితీసే జబ్బుల్లో, చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల గుండె మైట్రల్ కవాటం మూసుకుపోవడం, పుట్టుకతో గుండెలో ఉన్న రంధ్రాన్ని సకాలంలో మూయకపోవడం, కట్టెల పొయ్యి పొగ, మానిన క్షయ మిగిల్చిన మచ్చలు ముఖ్యమైనవి. మోనోక్రొటాలిన్ ఎలుక వీటిలో దేనికీ ప్రతినిధి కాదు. మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు ఒత్తిడి ఊపిరితిత్తుల సిరల నుంచి వెనక్కి ధమనుల్లోకి పాకుతుంది. దానికి దగ్గరి పోలిక పందిపిల్లల్లో ఊపిరితిత్తుల సిరలకు ముడి వేసే పద్ధతి. ఎలుకల్లోనైతే ఆరోహణ మహాధమనిని ఇరుకు చేసి, ఎడమ జఠరికను బిగుసుకునేలా చేసి, వారాల తరవాత చూస్తారు. గుండె రంధ్రం వల్ల ఊపిరితిత్తుల్లోకి రక్తం వరదలా పోవడానికి, తల్లి కడుపులో ఉండగానే గొర్రెపిల్లకు మహాధమనికీ పల్మనరీ ధమనికీ మధ్య గొట్టం వేసే మోడల్ ఉంది. నాలుగో వర్గానికి కుక్కల్లో సూక్ష్మగోళాలను మళ్లీ మళ్లీ ఎక్కించడం, పందుల్లో ఒక ధమనిని ముడివేసి మిగిలిన చోట్ల జిగురుతో అడ్డుకట్టలు వేయడం వంటివి ఉన్నాయి. పెద్ద జంతువుల గుండె కొలతలు మనిషికి దగ్గర; మన ఎకో యంత్రం, మన క్యాథెటర్ వాటికి సరిపోతాయి. వాటిని సాకడానికి, శస్త్రచికిత్స చేయడానికి పశువైద్యులు, గుండె సర్జన్లు ఒక్కచోట కలిసి పనిచేయాలి. ఇది ఒక కళాశాల భరించే పని కాదు గాని, రోగులు మన ముంగిట ఉన్నప్పుడు ఈ దిశలో పని చాలా తక్కువగా జరగడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఎలుకల మోడళ్లు రోగులకు ఏం ఇచ్చాయని ఎవరైనా అడిగితే, దానికి రెండు రకాల జవాబులు ఉన్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ ఎలుకల్లో గొప్పగా పనిచేసింది. రోగుల మీద పరీక్షిస్తే లాభం లేదని తేలి, ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. క్యాన్సర్ మందైన ఇమాటినిబ్ 2005లో మోనోక్రొటాలిన్ ఎలుకలను బాగుచేసింది. 2013లో వెలువడిన మానవ పరీక్షలో రోగుల నడక, ఒత్తిడి కొలతలు మెరుగైనా, రక్తం పలుచబరచే మందులు వాడుతున్నవారిలో మెదడు పొరల కింద రక్తస్రావం వంటి ప్రమాదాలు ఎదురయ్యాయి. మరోవైపు సొటాటర్‌సెప్ట్ తరహా మందు 2020లో సుజెన్-హైపాక్సియా, మోనోక్రొటాలిన్ ఎలుకలు రెండింటిలోనూ పనిచేసిందని చూపించారు, 2023లో పెద్ద మానవ పరీక్ష దాన్ని సమర్థించింది, 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. నేను దీని నుంచి గ్రహించేది ఒకటే: ఒక మోడల్‌లో నెగ్గినది నెగ్గినట్టు కాదు, కారణాలు వేరైన రెండు మోడళ్లలో, జబ్బు ముదిరాక ఇచ్చినా నెగ్గినదానికి బలం ఎక్కువ.

ఆడ మగ తేడా కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి వర్గం జబ్బు మనుషుల్లో ఆడవారికే ఎక్కువ. మోనోక్రొటాలిన్, హైపాక్సియా ఎలుకల్లోనేమో ఆడవాటికి జబ్బు తక్కువ, ఈస్ట్రోజెన్ వాటిని కాపాడుతుంది. అందుకనే అందరూ మగ ఎలుకలతోనే ప్రయోగాలు కానిచ్చేస్తారు. సౌకర్యం కోసం చేసే ఈ పని వల్ల, మందు ఎవరికి ఎక్కువ అవసరమో వారి శరీరంలో అది ఎలా పనిచేస్తుందన్నది చివరిదాకా తెలియకుండా పోతుంది.

ఇక ఏది మేలన్న ప్రశ్నకు నా జవాబు. మొదటి వర్గం జబ్బుకు మందు వెతికేవారికి సుజెన్-హైపాక్సియా మేలు, మోనోక్రొటాలిన్ దానికి ముందు వాడే జల్లెడగా మాత్రమే పనికొస్తుంది. ఆక్సిజన్ లేమి, కణాల లోపలి యంత్రాంగం తెలుసుకోవాలనుకునేవారికి హైపాక్సియా చిట్టెలుక మేలు. గుండె కండరానికి మందు చేసే మేలు విడిగా తెలియాలంటే బ్యాండింగ్ తప్ప వేరే దారి లేదు. మోనోక్రొటాలిన్ ఒక్కటే చేయగల స్తోమత ఉన్నవారు మానుకోనక్కర్లేదు, కాని మందు మొదలుపెట్టే రోజు మార్చాలి, కాలేయం బరువు, ఎంజైముల కొలతలు చేర్చాలి, ఏ ఎలుకకు మందు ఇచ్చారో కొలిచేవారికి తెలియకుండా ఉంచాలి, మెడలోని జుగులార్ సిర ద్వారా కుడి జఠరికలోకి గొట్టం పంపి ఒత్తిడిని నేరుగా కొలవాలి. మత్తుమందు మోతాదు మారితే ఆ ఒత్తిడీ మారుతుంది కాబట్టి అన్నిటికీ ఒకే మత్తు, ఒకే సమయం పాటించాలి. ఎలుకల సంఖ్యను ముందే లెక్కగట్టి, ఏ స్థితికి చేరిన ఎలుకను బాధ పడనీయకుండా ముగించాలో ముందే రాసి, సంస్థలోని జంతు నీతి సంఘానికి ఇచ్చే ఫారం బీలో ఆ వివరాలన్నీ పెట్టాలి. కడుపు ఎగరేస్తూ ఊపిరి తీసే ఎలుకను "ఇంకో రెండు రోజులు చూద్దాం" అని వదిలేయడం ఏ ఫలితం కోసమైనా సరే తప్పని ఆ అమ్మాయికి గట్టిగానే చెప్పాను.

ఆమె వారం తరవాత కొత్త ప్రణాళికతో వచ్చింది. మోనోక్రొటాలిన్ ఎలుకల్లో సగం ఆడవి. ఎకో తీసి జబ్బు ఉందని తేల్చుకున్న తరవాత, 21వ రోజు నుంచి సారం. పక్కనే, పోల్చి చూడడానికి, ఈ జబ్బుకు ఇప్పటికే వాడుకలో ఉన్న సిల్డెనాఫిల్ ఇచ్చిన ఎలుకల గుంపు ఒకటి, సారం వల్ల కాలేయ ఎంజైములు మారుతున్నాయా అని చూడడానికి విషం ఇవ్వని చిన్న గుంపు ఇంకొకటి. ఈ దశలో ఏమైనా ఆశ కనబడితే రెండో దశగా హైపాక్సియా పెట్టె. "నెల రోజుల్లో అవదండీ, అయినా ఇలాగే చేస్తానండి" అంది. పెట్టెకు ఇన్వర్టర్ కాక రెండు నైట్రోజన్ సిలిండర్లు అదనంగా ఉంచాలని, తుపాన్ల కాలం దాటాక జనవరిలో ప్రారంభించాలని ఇద్దరం అనుకున్నాం. బీచ్ రోడ్డు మీదుగా బస్టాండుకు బయల్దేరేముందు, రాత్రిళ్లు సోడా లైమ్ ఎవరు మారుస్తారో డ్యూటీ పట్టిక కూడా రాసి గోడకు అంటించి వెళ్లింది.